ఆకు వదిలే వెలుగు

కిషన్‌బాగ్‌లో ఏ మేడెక్కి చూసినా జూపార్కు వైపు ఒకటే పచ్చదనం. వేపేదో, చింతేదో, మర్రేదో అంత దూరానికి విడివిడిగా ఆనదు. దగ్గరికెళ్తే బెరడు చెబుతుంది, ఆకు చెబుతుంది, రాలిన కాయ చెబుతుంది. మరి వేల అడుగుల ఎత్తున ఎగిరే విమానంలోంచి చూస్తే? చెట్ల నెత్తులు తప్ప ఏమీ కనబడవు. ఆ నెత్తిని చూసే ఇది టేకు, ఇది నల్లమద్ది అని పోల్చుకునే విద్య ఒకటుంది. ఆ విద్యను సాధన చేసే జాతీయ దూర సంవేదన కేంద్రం, ఎన్నార్‌ఎస్‌సీ, మన నగరంలోనే బాలానగర్‌లో ఉంది.

పత్రహరితం నీలాన్నీ ఎరుపునీ తాగేసి ఆకుపచ్చలో కొంత వదిలేస్తుందని బడిలో చదివాం. వదిలిందే మన కంటికి చేరుతుంది. నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యం తీరని సంగతి ఆ తర్వాతిది. ఎరుపు దాటుతుండగా, 700 నానోమీటర్ల దగ్గర, మన చూపు మసకబారే చోటనే ఆకు ఒక్కసారిగా వెలిగిపోతుంది. ఆకు లోపలి పొర ఇడ్లీ లోపలిలా గుల్లగా ఉంటుంది. ఆ గాలి గదుల మధ్య పరారుణ కాంతి అటూ ఇటూ చెదిరి, దాదాపు సగం తిరిగి పైకే వచ్చేస్తుంది. ఆ కాంతిని చూసే కళ్లే మనకుంటే అడవిని ఆకుపచ్చ అని ఎవరూ అనేవారు కాదు.

ఆ కళ్లు మన దేశంలో మొదట తెరుచుకున్నది కొబ్బరి తోటల మీద. 1970లో పి.ఆర్. పిషారోటి బృందం కేరళలో వేరు ఎండు తెగులు సోకిన తోటల మీదుగా హెలికాప్టర్‌లో ఎగురుతూ పరారుణ రంగుల ఫిల్ముతో ఫొటోలు తీసింది. అలాంటి ఫిల్ము మీద ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఎర్రగా పడుతుంది, జబ్బు చేసినదాని ఎరుపు వెలిసిపోతుంది.

ఫిల్ము రోజులు పోయాయి. 2015 డిసెంబరు నుంచి ఇస్రో, నాసా కలిసి చేసిన సర్వేలో అవిరిస్-ఎన్‌జీ అనే పరికరాన్ని ఇస్రో బి-200 విమానానికి అమర్చి దేశమంతా తిప్పారు. అడవులూ మడ అడవులూ అందులో ఉన్నాయి. 380 నుంచి 2,500 నానోమీటర్ల దాకా ఉన్న కాంతిని ఐదేసి నానోమీటర్ల చొప్పున నాలుగు వందలకు పైగా పోగులుగా విడదీసే పరికరం అది. ఆకు మందం, ఆకులోని నీరు, పైనున్న మైనం, ఆకు వాలిన తీరు, ఒక్కొక్కటీ ఒక్కో పోగును కాస్త కదిలిస్తుంది. నీరు 970, 1,200 నానోమీటర్ల దగ్గర కాంతిని కొద్దిగా మింగుతుంది. అన్నీ కలిసి ఆ జాతి చేవ్రాలవుతాయి.

చేవ్రాలు ఎప్పుడూ తేటగా ఉండదు. ఆ సర్వేలో చిత్రంలోని ఒక్కో గడి నేల మీద నాలుగు నుంచి ఎనిమిది మీటర్లు. టేకు కొమ్మల్లోకి పక్కనున్న తీగ పాకితే రెండిటి వెలుగూ ఒకే గడిలో కలిసిపోతుంది. లేతాకు వెలుగు వేరు, ముదురాకు వెలుగు వేరు. ఏగి, ఎర్రచందనం ఒకే ప్రజాతి చెట్లు. వాటిని విడదీయడం ఇంకా కష్టం.

అక్కడ ఆదుకునేది కాలం. మాఘ, ఫాల్గుణాల్లో నల్లమల మీద ఎగిరితే చెట్లు వాటంతట అవే బయటపడతాయి. టేకు అప్పటికే మోడై ఉంటుంది. మోదుగ ఆకులన్నీ దులిపేసుకుని నారింజ రంగున పూస్తుంది. కొండగోగు ఆకు లేని కొమ్మల మీద పసుపు పూలు తొడుగుతుంది, తబసి తెల్లటి ఒళ్లంతా బయటపెట్టి నిలబడుతుంది. నేరేడు మాత్రం పచ్చగానే ఉంటుంది. ఒకే అడవిని వర్షాకాలం వెళ్లాక ఒకసారి, ఎండాకాలం మొదట్లో ఒకసారి చూసినవాడికి తెలిసేది, ఎంత ఖరీదైన పరికరమైనా ఒక్క చూపులో పట్టలేదని నా నమ్మకం.

అయినా యంత్రానికి పేర్లు ఎవరో నేర్పాలి. ఒకరు జీపీఎస్ పట్టుకుని అడవిలోకి నడవాలి, చెట్టు దగ్గర ఆగి, ఛాతీ ఎత్తున టేపు చుట్టి, దాని పేరు రాసుకోవాలి. నల్లమలలో ఆ పేరు తడుముకోకుండా చెప్పేవాళ్లు చెంచులు. ఆకు రాలిన తిరుమానునూ బిల్లుడునూ బెరడు చూసి చెబుతారు. విమానం తెచ్చిన చిత్రానికి విలువ అక్కడే మొదలవుతుంది. నేర్పని చెట్టు ఎదురైతే యంత్రం తనకు తెలిసిన పేర్లలో దగ్గరిదేదో తగిలించేస్తుంది. గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న ఆఫ్రికా బావోబాబ్, ఊరివాళ్ల హాతియాన్ కా ఝాడ్, అలా ఏ బూరుగుగానో నమోదైపోవచ్చు.

ఎర్రచందనం దగ్గరికొచ్చేసరికి నాకు భయం వేస్తుంది. శేషాచలం, వెలిగొండ, లంకమల, వాటి చుట్టుపక్కల కొండలు దాని సొంతగడ్డ, వాటిని దాటితే ప్రపంచంలో ఎక్కడా అది అడవిలో దానంతటది పెరగదు. ఏ చెట్టు ఎక్కడుందో చూపే పటం కాపలా వాచరుకు ఎంత అక్కరకొస్తుందో గొడ్డలి పట్టినవాడికీ అంతే అక్కరకొస్తుంది. ఏ లోయలో ఎన్ని బతికున్నాయో లెక్క అందరికీ తెలియాలి. ఒక్కో చెట్టు చిరునామా మాత్రం అటవీశాఖ బీరువా దాటకూడదు.