30 వంతుల్లో 4,096 భూతాలు

1979 ఆగస్టులో అమెరికాలో ‘ది డ్రాగన్’ పత్రిక 28వ సంచిక కొన్నవారికి వ్యాసాలతోపాటు ఒక పూర్తి ఆట కూడా దొరికింది. పటం, పావులు, నియమాలు అన్నీ అందులోనే. ఆట పేరు ‘ది ఆఫుల్ గ్రీన్ థింగ్స్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’. మన మాటల్లో, అంతరిక్షం నుంచి వచ్చిన ఘోరమైన ఆకుపచ్చ భూతాలు. రూపకర్త టామ్ వామ్. బొమ్మలు కూడా ఆయనే వేశాడు. మరుసటి ఏడాది టీఎస్ఆర్ సంస్థ దాన్ని పెట్టెలో పెట్టి అమ్మింది. 1988లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ వారి కూర్పు వచ్చింది. ‘ఏలియన్’ సినిమా విడుదలైంది కూడా 1979లోనే. ఓడలో దూరిన వింత ప్రాణి కథే రెండూ. సినిమా భయపెడుతుంది, ఆట నవ్విస్తుంది.

ఆడేవారు ఇద్దరు. ఒకరిది జ్నుటార్ అనే అన్వేషణ నౌక సిబ్బంది పక్షం. రెండోవారిది ఆ నౌకలోకి చేరిన ఆకుపచ్చ భూతాల పక్షం. సిబ్బంది చేతికి దొరికే ఆయుధాలు చూస్తేనే నవ్వొస్తుంది: మంటలార్పే సిలిండర్, ఇంజెక్షన్ సూది, యాసిడ్ సీసా, పూల్ ఆడే కర్ర, చివరికి జ్గ్వోర్ట్స్ అనే తిండి డబ్బా. భూతాల దగ్గర ఏ ఆయుధమూ లేదు. వాటికి చేతనైంది కరవడం, పిల్లల్ని పెట్టడం.

మొదటి సందేహం ఇక్కడే వస్తుంది. రెండు పక్షాలూ ఒకేలా లేకపోతే అది న్యాయమైన ఆట ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మన అరుగుల మీద ఎప్పుడో ఉంది. పులిజూదంలో పులులు 3, మేకలు 15. పులి మేక మీదుగా దూకి చంపగలదు, మేక పులిని చంపలేదు, చుట్టుముట్టి కదలకుండా చేయగలదు. అయినా మేకల పక్షాన కూర్చున్నవారు గెలిచిన రోజులు ఎన్నో. ఒకరి బలం సంఖ్యలో, రెండోవారి బలం దెబ్బలో. ఇలా రెండు పక్షాలకూ పావులు, బలాలు, గెలిచే దారులు వేరువేరుగా ఉండే ఆటను అసౌష్ఠవ ఆట అంటారు. చదరంగంలా అద్దంలో బొమ్మలు కావన్నమాట.

భూతాల బలం లెక్కలో ఉంది. అవి గుడ్డుగా మొదలై పిల్లగా, ఆపైన పెద్దదిగా మారతాయి. ప్రతి వంతులో భూతాల ఆటగాడు ఒక్క పని ఎంచుకుంటాడు: గుడ్లన్నీ పిల్లలు కావడం, లేదా పిల్లలన్నీ పెద్దవి కావడం, లేదా పెద్దవన్నీ తలా ఒక గుడ్డు పెట్టడం. ఒక పెద్ద భూతం గుడ్డు పెట్టడానికి ఒక వంతు, అది పొదిగి పిల్ల కావడానికి ఒకటి, పిల్ల ఎదగడానికి ఒకటి. 3 వంతులకు ఒకటి రెండయింది. 6 వంతులకు 4, 9కి 8, 12కి 16, 15కి 32.

దీన్ని వడ్డీ లెక్కలోకి మార్చి చూద్దాం. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చిన డబ్బు మామూలు వడ్డీ మీద రెట్టింపు కావడానికి 50 నెలలు పడుతుంది. చక్రవడ్డీ వేసినా సుమారు 35 నెలలు. భూతాల లెక్కలో 3 వంతులకే రెట్టింపు. అంటే వంతుకు నూటికి దాదాపు 26 రూపాయల చక్రవడ్డీ.

మరి అంతకంటే వేగంగా పెరిగే దారి లేదా? ఉంది. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చింది ఇదే, కాబట్టి కాసేపు ఆగుదాం. గుడ్డు పెట్టిన వెంటనే పొదగనివ్వకుండా వరసగా మూడు వంతులు గుడ్లే పెట్టించారనుకోండి. ఒక పెద్ద భూతానికి 3 గుడ్లు. నాలుగో వంతులో అన్నీ పిల్లలు, అయిదో వంతులో అన్నీ పెద్దవి. 5 వంతులకు ఒకటి నాలుగయింది. 15 వంతులు గడిచేసరికి 64. ఒక్కో గుడ్డే పెట్టిస్తే వచ్చిన 32కు ఇది సరిగ్గా రెట్టింపు.

అయితే నాలుగుసార్లు, అయిదుసార్లు పెట్టిస్తే ఇంకా లాభమా? కాదు. నాలుగుసార్లు పెట్టిస్తే 6 వంతులకు ఒకటి అయిదవుతుంది. బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ 30 వంతుల దాకా లాగితే తేడా బయటపడుతుంది. ఒక్కో గుడ్డు పద్ధతిలో 1,024, నాలుగు గుడ్ల పద్ధతిలో 3,125, మూడు గుడ్ల పద్ధతిలో 4,096. గుడ్లు పోగేస్తూ ఎక్కువసేపు కూర్చుంటే, ఆ గుడ్లు ఎదిగి తమ వంతు గుడ్లు పెట్టాల్సిన కాలం వృథా అవుతుంది. రెండుసార్లు పెట్టించే పద్ధతి మూడుసార్లకు చాలా దగ్గరగా వస్తుంది: 20 వంతుల్లో ఒకటి 243, రెండోది 256. ఆ పదమూడింటి కోసం కదలలేని గుడ్లను ఇంకో వంతు నేల మీద వదిలేయడం మంచిది కాదు. నేనైతే రెండుసార్లకే మొగ్గుతాను.

పెట్టెలో నాలుగు వేల పావులు ఉండవు, సిబ్బంది చేతులు కట్టుకుని చూడరు. ఇది కాగితం మీది లెక్కే. కానీ సిబ్బంది దేనితో పోరాడుతున్నారో చెప్పే లెక్క ఇది.

సిబ్బంది పావులు పెరగవు. చచ్చినవాడు చచ్చినట్టే. మరి వారి బలం ఏమిటి? తెలుసుకోవడం. ఏ ఆయుధం భూతాల మీద ఎలా పనిచేస్తుందో ఆట మొదట్లో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఒక రకం ఆయుధాన్ని మొదటిసారి వాడినప్పుడు, బోర్లించి పెట్టిన చిన్న అట్టముక్కల్లోంచి ఒకటి తీస్తారు. దాని మీద రాసి ఉన్న ఫలితమే ఆ ఆట ముగిసేదాకా ఆ రకం ఆయుధానిది. చుట్టాలింట్లో కాఫీ పెట్టబోతే పేర్లు రాయని డబ్బాలు కనిపించినట్టు. ఒకసారి మూత తీసి రుచి చూస్తే, ఆ పూటంతా ఉప్పు ఏదో పంచదార ఏదో తెలిసిపోతుంది. తేడా ఒక్కటే, ఈ ఇంట్లో మరుసటి ఆటకు డబ్బాలన్నీ మళ్లీ తారుమారవుతాయి.

ఫలితాలు రకరకాలు. కొన్ని ఆయుధాలు చంపుతాయి, ఒకటి మైకం కమ్మేలా చేస్తుంది. ఒకటి పెద్దదాన్ని పిల్లగా కుదిస్తుంది, ఒకటి పిల్లను అక్కడికక్కడే పెద్దదాన్ని చేస్తుంది. ఒకటి భూతాన్ని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలకూ ప్రాణం ఉంటుంది. ఒకటి అసలు ఏమీ చేయదు. నమ్ముకున్న తుపాకీ భూతాన్ని పెంచి, తిండి డబ్బా దాన్ని కూల్చడం ఈ ఆటలో మామూలు. నవ్వు పుట్టేది అక్కడే.

చంపే ఆయుధాలన్నీ సమానమేనా? కానే కాదు. ఆయుధాన్ని బట్టి పాచికల సంఖ్య మారుతుంది. పడిన మొత్తం భూతం ప్రాణబలాన్ని అందుకోవాలి. ఉదాహరణకు 18 పడాలనుకుందాం. 3 పాచికలతో అన్నీ ఆరులే పడాలి, 216 విసుర్లకు ఒక్కసారి. 4 పాచికలతో 1,296కు 206, నూటికి దాదాపు 16. 5 పాచికలతో సరిగ్గా సగం. రోజుకొక్కసారి విసిరితే మొదటిది సగటున ఏడు నెలలకు ఒకసారి ఫలిస్తుంది, రెండోది ఆరేడు రోజులకు, మూడోది రోజు విడిచి రోజు. ఒకటి రెండు పాచికల తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఓడ నిలిచేదీ మునిగేదీ దాని మీదే.

‘పరీక్షిస్తే నష్టం రావచ్చు కదా, తెలియని ఆయుధాన్ని ముట్టకపోతేనే మేలు కదా?’ అని అడగవచ్చు. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టండి. ఇవాళ భూతాలు రెండే ఉన్నప్పుడు పరీక్ష చెడిపోతే ఒక గది చేజారుతుంది. 9 వంతులు వాయిదా వేస్తే అవి పదహారవుతాయి. అప్పుడు చెడు ఫలితం వస్తే నిలబడే చోటు ఉండదు. వయ్యారిభామ మొక్కను పూత రాకముందే పీకాలని రైతులు చెప్పేది ఇందుకే. మొదటి వంతులోనే చంపిన ఒక్క పెద్ద భూతం, 15వ వంతులో చంపాల్సి వచ్చే 32కు సమానం. కాబట్టి సిబ్బంది పక్షాన కూర్చున్నవారు మొదటి కొద్ది వంతుల్లోనే చేతికందిన ప్రతి రకాన్నీ ఒకసారి వాడి చూడాలి, అదీ భూతాలు తక్కువగా ఉన్న గదిలో.

అన్నీ చేసినా ఓడ చేజారితే? లైఫ్‌బోట్లలో పారిపోయే దారి ఉంది. వాటిలో ఎక్కినవారు ఇల్లు చేరారా లేదా అనే కథ కూడా ఆటలోనే ఉంటుంది.

కొత్తగా ఆడేవారికి ఒక మాట. మొదటి ఆటలో నియమాలు తక్కువ తెలిసినవారిని భూతాల పక్షాన కూర్చోబెట్టండి. వారికి తెలియాల్సింది మూడు పనులే. ఆ ఆట అయ్యాక పక్షాలు మార్చుకుని వెంటనే రెండోది ఆడండి. రెండూ ఆడకుండా ఏ పక్షం బలమైనదో తేల్చకండి.