రవ్వంత గుల్లలో వేల ఏళ్ల సముద్రం

2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకాల ఓడ ఆంధ్ర తీరానికి ఎదురుగా బంగాళాఖాతంలో నిలిచింది. అది వచ్చిన పని వేరు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున మంచుగడ్డల్లా చిక్కుకుపోయిన సహజవాయువు, అంటే గ్యాస్ హైడ్రేట్లు, ఎక్కడ ఎంత ఉందో చూడడానికి భారత ప్రభుత్వ కార్యక్రమం కింద వచ్చింది. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా, 1,200 మీటర్లకు పైగా లోతున్న ఒక చోట అడుగులోకి గొట్టం దింపి బురదను నిలువుగా పైకి తీశారు. ఆ బురదలో పై కొన్ని మీటర్లలోనే మరో నిధి దొరికింది. అది దాదాపు పది వేల ఏళ్ల గోదావరి వానల చరిత్ర.

చరిత్రను రాసి పెట్టినవి కంటికి ఆనీ ఆనని ప్రాణులు. ఆ బురదను సన్నని జల్లెడలో పోసి నీళ్లతో కడిగితే ఒండ్రంతా కారిపోతుంది. మిగిలినదాన్ని ఆరబెడితే తెల్లటి పొడి, వేళ్ల మధ్య సన్నరవ్వలా తగులుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఆ రవ్వలో ప్రతి పలుకూ ఒక గుల్ల. చిన్న బుడగకు పెద్ద బుడగ, దానికి ఇంకా పెద్ద బుడగ అతికించినట్టు ఉంటుంది. ఒళ్లంతా సన్నని రంధ్రాలు. ఒకే ఒక్క కణం ఉన్న జీవి కట్టుకున్న ఇల్లది. ఆ జీవుల పేరు ఫోరామినిఫెరా. క్లుప్తంగా ఫోరామ్‌లు అంటారు.

వీటిలో కొన్ని జాతులు అడుగు బురదలో బతుకుతాయి. కొన్ని ప్లవకాలుగా పైనీళ్లలో తేలుతూ కొన్ని వారాలు జీవిస్తాయి. చనిపోయాక గుల్ల అడుగుకు జారుతుంది. దాని మీద మరో గుల్ల, దాని మీద ఒండ్రు, మళ్లీ గుల్లలు. పొర మీద పొరగా ఇలా కోట్ల ఏళ్లుగా పేరుకుంటూనే ఉంది. 1872 నుంచి 1876 దాకా సముద్రాలు చుట్టిన బ్రిటిష్ పరిశోధక నౌక ఛాలెంజర్ ఎన్నో చోట్ల అడుగు నుంచి తోడింది ఈ గుల్లల బురదనే.

గుల్ల పదార్థం మనకు కొత్తది కాదు. గుడ్డు పెంకు, సుద్దరాయి, తాంబూలంలోకి సున్నం కాల్చే నత్తగుల్ల, అన్నీ కాల్షియం కార్బొనేటే. ఫోరామ్ ఆ కాల్షియాన్ని, కార్బన్‌ను, ఆక్సిజన్‌ను తన చుట్టూ ఉన్న సముద్రపు నీళ్ల నుంచే తీసుకుంటుంది. వాటితోపాటు చిటికెడు మెగ్నీషియం, ఇంకా తక్కువ బోరాన్ కూడా గుల్లలో చేరిపోతాయి. ఏది ఎంత పాలు చేరుతుందన్నది ఆ రోజుల్లో నీళ్లు వేడిగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా, వాటిలో ఏమేం కలిసి ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది.

అన్నిటికన్నా ముందు మాట్లాడింది ఆక్సిజన్. సముద్రంలోని ప్రతి వెయ్యి ఆక్సిజన్ పరమాణువుల్లో సుమారు రెండు కాస్త బరువైనవి. మామూలు ఆక్సిజన్ ద్రవ్యసంఖ్య 16, వీటిది 18. రసాయనికంగా రెండూ ఒకటే, తేడా అంతా బరువులో. నీరు చల్లబడే కొద్దీ గుల్లలో బరువు ఆక్సిజన్ పాలు కొంచెం పెరుగుతుంది. ఒక డిగ్రీకి ఆ నిష్పత్తిలో వచ్చే మార్పు వెయ్యింట పావు వంతు కూడా ఉండదు. అంత సన్నని తేడాతో పాతకాలపు సముద్రాల వేడిని కొలవవచ్చని 1940ల్లో గుర్తించినవాడు హెరాల్డ్ యూరీ. భార హైడ్రోజన్‌ను కనుగొన్నందుకు 1934లోనే నోబెల్ బహుమతి అందుకున్న అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ఆయన.

షికాగోలో యూరీ బృందం మొదట పట్టుకున్న పెద్ద సాక్ష్యాల్లో ఒకటి డైనోసార్ల నాటి శిలాజం. స్కాట్లండ్‌లోని స్కై దీవిలో దొరికిన బెలెమ్నైట్, అంటే సముద్రఫేనం జంతువుకు దూరపు చుట్టం. చెట్టు మానులో ఉన్నట్టే దాని గుల్లలోనూ వలయాలు ఉన్నాయి. ఒక్కో వలయాన్నీ విడిగా గీకి కొలిచారు. అది పెరిగి పెద్దదయ్యాక మూడు వేసవులు, నాలుగు చలికాలాలు చూసిందనీ, వసంతంలో చనిపోయిందనీ 1951లో ప్రకటించారు. కోట్ల ఏళ్ల కిందటి ఒక ప్రాణి ఏ రుతువులో కన్నుమూసిందో పరమాణువుల లెక్క చెప్పింది.

అదే ప్రయోగశాలలో పనిచేసిన ఇటలీ యువకుడు చెజారె ఎమీలియాని ఈ పద్ధతిని ఫోరామ్‌ల మీదికి తెచ్చాడు. కరీబియన్, అట్లాంటిక్ సముద్రాల అడుగు నుంచి తీసిన బురదలో పొరపొరకూ గుల్లలు ఏరి కొలిస్తే గీత అలల్లా లేచి పడుతూ వచ్చింది. హిమయుగాలు నాలుగేనని అప్పటిదాకా పాఠ్యపుస్తకాలు చెప్పేవి. సముద్రపు బురద మాత్రం అంతకన్నా చాలాసార్లు వచ్చి పోయాయంది. 1955లో ఎమీలియాని ఆ గీతను అచ్చువేశాడు. పైనీళ్ల ఉష్ణోగ్రత ఆరేసి డిగ్రీల దాకా పడి లేచిందని దాని అర్థం చెప్పాడు.

గీత సరైనదే. అర్థం దగ్గర చిక్కు వచ్చింది.

సముద్రం ఆవిరయ్యేటప్పుడు తేలిక ఆక్సిజన్ ఉన్న నీరు ముందు లేస్తుంది. మామూలు రోజుల్లో ఆ ఆవిరి వానై, నదులై తిరిగి సముద్రానికే చేరుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది. హిమయుగంలో అది మంచుగా కురిసి ఉత్తర అమెరికా, యూరప్‌ల మీద కిలోమీటర్ల మందాన పేరుకుపోయి తిరిగి రాదు. చివరి హిమయుగం ఉధృతంగా ఉన్న సుమారు 20 వేల ఏళ్ల కిందట సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా దిగిపోయింది. తేలిక నీరంతా నేల మీద మంచులో ఉండిపోతే సముద్రంలో మిగిలింది బరువు నీరు. అంటే గుల్లలో బరువు ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తే నీళ్లు చల్లబడి ఉండవచ్చు, లేదా నేల మీద మంచు పెరిగి ఉండవచ్చు.

ఈ ముడిని విప్పిన తీరు ఇప్పటికీ విద్యార్థులకు చెప్పదగ్గ పాఠం. కేంబ్రిడ్జ్‌కు చెందిన నికొలస్ షాకిల్టన్ పైనీళ్ల ఫోరామ్‌లతోపాటు అడుగున బతికినవాటినీ కొలిచాడు. లోతు నీళ్లు ఎప్పుడూ గడ్డకట్టే చలికి దగ్గరగానే ఉంటాయి. ఇంకో ఆరు డిగ్రీలు చల్లబడే వీలే లేదు. అయినా అడుగు గుల్లల్లోనూ ఇంచుమించు అంతే మార్పు కనిపించింది. కాబట్టి ఆ గీతలో పెద్ద భాగం మంచుదేనని 1967లో తేల్చాడు. ఉష్ణమాపకం అనుకున్నది అలా భూమ్మీది మంచును తూచే త్రాసు అయింది.

ఆ త్రాసుతోనే 1976లో జేమ్స్ హేస్, జాన్ ఇంబ్రీ, షాకిల్టన్ కలిసి ఇంకో పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పారు. దక్షిణ హిందూ మహాసముద్రం అడుగు నుంచి తీసిన రెండు బురద స్తంభాల్లో నాలుగున్నర లక్షల ఏళ్ల గీతను విడదీస్తే సుమారు లక్ష, 42 వేలు, 23 వేల ఏళ్లకోసారి తిరిగి వచ్చే లయలు కనిపించాయి. అవి భూమి కక్ష్యలో, అక్షం వాలులో, అక్షం బొంగరంలా తూలే తీరులో వచ్చే మార్పుల లయలే. హిమయుగాలకు మూలం అక్కడే ఉందని సెర్బియా శాస్త్రవేత్త మిలుటిన్ మిలాంకోవిచ్ ఎప్పుడో లెక్కగట్టాడు. ఆయన చనిపోయిన 18 ఏళ్లకు గుల్లలు సాక్ష్యం చెప్పాయి.

ఒకే అంకెలో రెండు కారణాలు కలిసిపోయినప్పుడు రెండో సాక్షి కావాలి. ఆ సాక్షి మెగ్నీషియం. నీరు వెచ్చబడే కొద్దీ గుల్లలో కాల్షియం స్థానంలో మెగ్నీషియం ఎక్కువగా చేరుతుంది. ప్లవక ఫోరామ్‌లలో డిగ్రీకి సుమారు 9 శాతం పెరుగుతుంది. ఒకే గుప్పెడు గుల్లల్లో మెగ్నీషియంతో ఉష్ణోగ్రత తెలుసుకుని, దాని వాటాను ఆక్సిజన్ లెక్కలోంచి తీసేస్తే, మిగిలింది నీటి సంగతి. నేల మీద మంచెంత, సముద్రంలో ఉప్పెంత అన్నది అక్కడ తేలుతుంది. బోరాన్‌లోని బరువు, తేలిక రకాల (ఐసోటోపుల) పాళ్లు నీటి ఆమ్లతను చెబుతాయి. గాలిలో ఆ రోజుల్లో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉండేదో దాని నుంచి అంచనా కడతారు.

చెప్పినంత తేలిక పని కాదిది. బియ్యంలో మట్టిబెడ్డలు ఏరినట్టు, తడిపిన సన్న కుంచె మొనతో ఒక్కో గుల్లనూ ఏరాలి. జాతిని గుర్తుపట్టాలి, ఎందుకంటే ఒక్కో జాతి ఒక్కో లోతులో బతుకుతుంది. గుల్లకు అంటుకున్న బంకమట్టిని వదిలించాలి. నిమ్మరసంలో వేస్తే నత్తగుల్ల నురగ కక్కుతుందే, అలాగే ఫాస్ఫారిక్ ఆమ్లంలో ఈ గుల్లలను కరిగించి, వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపి పరమాణువులను బరువు వారీగా వేరుచేసి కొలుస్తారు. మరీ లోతైన సముద్రాల్లో గుల్లలు అడుగున కరిగిపోతాయి. పురుగులు బురదను కెలికి పొరలను కలిపేస్తాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాకే ఒక గీత కాగితం మీదికి వస్తుంది.

గోదావరి ముందు తీసిన బురదలో పరిశోధకులు ఏరిన జాతి పేరు గ్లోబిజెరినాయిడెస్ రూబర్. ఎండ తగిలే పైనీళ్లలో బతికేది కాబట్టి సముద్రపు పై పొర సంగతి దానికి బాగా తెలుసు. వాననీటిలో తేలిక ఆక్సిజన్ పాలు ఎక్కువ. నైరుతి బాగా కురిసి నదులు పొంగిన ఏళ్లలో బంగాళాఖాతం పైనీళ్లలో ఉప్పు తగ్గుతుంది, బరువు ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. వానలు మొహం చాటేస్తే రెండూ పెరుగుతాయి. గుల్లలో ఆ తేడా మిగిలిపోతుంది.

అదే బురదలో ఇంకో సాక్షీ ఉంది. గోదావరి తన వెంట తెచ్చిన ఆకుల మైనం. చెట్లూ, కరవుకు తట్టుకునే గడ్డిజాతులూ కార్బన్‌ను వేర్వేరు పాళ్లలో పట్టుకుంటాయి కాబట్టి, దక్కన్ మీద ఏ కాలంలో ఏ పచ్చదనం ఉండేదో ఆ మైనం చెబుతుంది. కమీలో పొంటన్, లివియు జోసన్, వారి సహచరులు 2012లో ఈ రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టారు. సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా గోదావరి పరీవాహకంలో మెట్ట వాతావరణపు మొక్కలు క్రమంగా పెరిగాయి, ఆ తర్వాత అలాగే నిలిచిపోయాయి. గుల్లల్లో చూస్తే గత 3,000 ఏళ్లలో, ముఖ్యంగా ఈ 1,700 ఏళ్లలో, అంతకుముందెప్పుడూ లేనంతగా సముద్రంలో ఉప్పు పెరిగిన ఘట్టాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. అవి విడతలు విడతలుగా వచ్చిన దీర్ఘ కరవులు.

దక్షిణాదిన నీటిని నిలవబెట్టుకునే పద్ధతులు వేగంగా విస్తరించడానికి ఈ నిలకడలేని వానలే కారణమై ఉండవచ్చని ఆ పరిశోధకులు సూచించారు. కట్ట వేసి వాగును ఆపే చెరువు తెలుగు నేల మీద ఊరికి గుండెకాయలా ఎందుకు మారిందో ఈ మాటతో మరో వైపు నుంచి అర్థమవుతుంది. కాకతీయుల నాటి రామప్ప, లక్నవరం చెరువులు ఉన్నది ఈ గోదావరి పరీవాహకంలోనే.

వానల లెక్క చేపల దాకా పోతుందని ఇటీవల మరో అధ్యయనం చూపింది. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన కౌస్తుభ్ తిరుమలై నాయకత్వంలో ఒక బృందం బంగాళాఖాతం బురదలోని ఫోరామ్ గుల్లల ద్వారా 22 వేల ఏళ్ల రుతుపవనాలను పరిశీలించి 2025లో ఫలితాలు ప్రకటించింది. హిమయుగం ముగిసే రోజుల్లో వానలు బాగా బలహీనపడ్డ ఒక దశ ఉంది. సుమారు పది వేల ఏళ్ల కిందట అవి విపరీతంగా కురిసిన దశ ఇంకొకటి. రెండు దశల్లోనూ సముద్రంలో ఆహార ఉత్పత్తి బాగా పడిపోయింది. వాన మరీ ఎక్కువైతే నదుల మంచినీరు పైన మూతలా పరుచుకుని, లోతులోని పోషకాలను పైకి రానీయదు. రుతుపవనం చతికిలపడ్డప్పుడు గాలులు తగ్గి నీళ్లు కలియబడడమే మందగిస్తుంది. ఎటు చూసినా ఆకలి ప్లవకాలకు, వాటి వెనకే చేపలకు. వేడెక్కుతున్న భూమి మీద రుతుపవనాలు మరింత ఉధృతమవుతాయని వాతావరణ నమూనాలు చెబుతున్న కాలమిది. కాకినాడ, విశాఖ, నిజాంపట్నం రేవుల్లో తెల్లవారకముందే పడవ విప్పే కుటుంబాల బతుకు ఆ పైనీళ్ల మూత మీదే ఆధారపడి ఉంది.