గోడ కూడా ఇమారత్తే!

దసరా అయ్యాక ఇంటి ముందు కాంపౌండ్ గోడ కట్టిద్దామని మా నాన్న అన్నారు. ఏడడుగులు, పూర్తిగా మూత. నానమ్మ ఒప్పుకోలేదు. అశోక్ చౌక్ దగ్గర మా సందులో మధ్యాహ్నమైతే ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని అరుగుల మీదే బీడీలు చేస్తారు. "గోడ లేస్తే నాకు వెలుతురేది, మాట్లాడే మనిషేది?" అన్నది. అమ్మది మరాఠీ ఇల్లు. ఆమె మాత్రం "ముందు పరవానా సంగతి చూడండి" అన్నది.

గోడకి పరవానా ఏమిటి అనుకున్నాను. కానీ మన మహానగర పాలిక నడిచే 1949 నాటి చట్టంలో ఇమారత్ అనే మాటకి ఇచ్చిన అర్థం చూస్తే నవ్వొచ్చింది. ఇల్లు, షెడ్డు, గుడిసెతో పాటు కాంపౌండ్ గోడ, కంచె, గుమ్మం మెట్లు, కట్టిన అరుగు కూడా అందులో ఉన్నాయి. అంటే నానమ్మ కూర్చునేది ఇమారత్ మీద! ఇక 1966 నాటి నగర రచన చట్టం ప్రకారం కట్టడానికి ముందే పాలికకి దరఖాస్తు ఇవ్వాలి.

ఎత్తు దగ్గరే చాలామంది పొరబడతారు. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో, ప్రత్యేక అనుమతి లేకుంటే గోడ 1.5 మీటర్లు, అంటే సుమారు ఐదడుగులు. కొలిచేది మన వాకిలి నుంచి కాదు, ఎదుటి రోడ్డు నడిమి గీత నుంచి. 2.4 మీటర్ల దాకా పోవచ్చు గానీ పైన 0.9 మీటర్లు జాలీలా తెరిచి ఉండాలి. నాన్న అనుకున్న మూత గోడ అక్కడే ఆగిపోయింది. మూలమీది ఇల్లయితే మలుపు నుంచి రెండు వైపులా 10 మీటర్ల మేర గట్టి గోడ 0.75 మీటర్లే, ఆ పైన ఇంకో 0.75 మీటర్లు కావాలంటే రెయిలింగే. నూలు బీములతో వచ్చే టెంపో మలుపులో కనబడాలి కదా.

పక్కింటి కిటికీ సంగతి కూడా ఉంది. 1882 నాటి చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా వచ్చిన వెలుతురుకి వాళ్లకి హక్కు ఏర్పడవచ్చు.

అన్నిటికంటే ముందు హద్దు తెలియాలి. సిటీ సర్వే ఆఫీసులో ప్రాపర్టీ కార్డు తీయించాం. నకాశా పరిచి చూస్తే మా అరుగు సగం రోడ్డులో ఉంది. హద్దు మీద గోడ లేపాలంటే అరుగు పగలగొట్టాలి. దరఖాస్తు ఇస్తే ఆ సగం సంగతి కూడా బయటపడుతుంది.

నాన్న కార్డు మడిచి పెట్టెలో పెట్టారు. నానమ్మకి ఇంకా ఎవరూ చెప్పలేదు.