పుష్కరానికో పోర్టు, పూటకో కేబుల్

గోదావరికి పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి. కంప్యూటర్‌కి ఉండే పోర్టులూ ఇంచుమించు అదే లెక్కన మారుతూ వచ్చాయి. 1991 పుష్కరాల నాటికి యూఎస్‌బీ పుట్టనేలేదు. ప్రింటర్‌కి ఒక వెడల్పాటి పోర్టు, మౌస్‌కి ఇంకొకటి, కీబోర్డుకి మరొకటి ఉండేవి. యూఎస్‌బీ 1996 జనవరిలో వచ్చింది. 2003 పుష్కరాలకు కొద్ది నెలల ముందు, 2002 డిసెంబర్‌లో, హెచ్‌డీఎంఐ తొలి ప్రమాణం వెలువడింది. 2015 పుష్కరాలకు ముందు ఏడాది ఆగస్టులో టైప్‌-సి వచ్చింది. వచ్చే పుష్కరాలు 2027లో. ఈసారి మాత్రం కొత్త పోర్టు రాలేదు సరికదా, ఉన్నదాన్నే అందరూ వాడాలని ఐరోపా సమాఖ్య చట్టం చేసింది. ల్యాప్‌టాప్‌లకు ఆ నిబంధన వర్తించే తేదీ 2026 ఏప్రిల్‌ 28.

ఇన్ని మారినా పోనంటున్నది ఒక్కటే: నీలం రంగు తలకాయ, పదిహేను పిన్నుల వీజీఏ. ఐబీఎం దాన్ని 1987లో తెచ్చింది. 2015 నాటికి దాన్ని వదిలేస్తామని ఇంటెల్‌, ఏఎండీ వంటి కంపెనీలు 2010 డిసెంబర్‌లోనే ప్రకటించాయి. అయినా మన కాలేజీ సెమినార్‌ హాళ్లలో పాత ప్రొజెక్టర్‌ నుంచి అదే కేబుల్‌ వేలాడుతూ కనిపిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌ పట్టుకుని అక్కడికి వెళ్లేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్‌ను తిరగేసి వాడితే పనిచేయదు. రెండోది, వీజీఏలో శబ్దం వెళ్లదు. స్పీకర్‌ వైరు వేరే పెట్టుకోవాల్సిందే.

రెండు వైపులా పెట్టినా దూరదు

యూఎస్‌బీని రూపొందించిన బృందంలో ముఖ్యుడు అజయ్‌ భట్‌ మన దేశంవాడే. వడోదరలో చదివి అమెరికా వెళ్లి ఇంటెల్‌లో పనిచేశారు. ఎటు తిప్పి పెట్టినా పనిచేసేలా చేయాలని వాళ్లకీ అనిపించిందట. కానీ అలా చేస్తే వైర్లు, సర్క్యూట్లు రెట్టింపై ఖర్చు పెరుగుతుందని మానేశామని ఆయనే తర్వాత చెప్పారు. ఆ పొదుపు ఫలితం మనందరికీ అనుభవమే: ఒకసారి పెడతాం, దూరదు, తిప్పి పెడతాం, అప్పుడూ దూరదు, మళ్లీ మొదటిలాగే పెడితే దూరుతుంది.

ఆ దీర్ఘచతురస్రపు యూఎస్‌బీ పోర్టు కనీసం 1,500 సార్లు పెట్టి తీయడానికి తట్టుకోవాలన్నది ప్రమాణం. టైప్‌-సికి అది 10,000. రోజుకి రెండుసార్లు పెన్‌డ్రైవ్‌ గుచ్చేవారికి మొదటి లెక్క రెండేళ్లకే తీరిపోతుంది. పోర్టు వదులైందని ల్యాప్‌టాప్‌ను తిట్టడం ధర్మం కాదు.

రూపం ఒకటే, పని వేరు

టైప్‌-సి వచ్చాక తిప్పే బాధ తప్పింది, కొత్త బాధ మొదలైంది. పోర్టులన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ అన్నింటిలోంచీ బొమ్మ బయటికి రాదు. కొన్ని ఛార్జింగ్‌కి, ఫైళ్లకి మాత్రమే. పోర్టు పక్కన మెరుపు గుర్తు గానీ, డి, పి అక్షరాలు కలిపి రాసినట్టుండే గుర్తు గానీ ఉంటే టీవీకి, మానిటర్‌కి బొమ్మ వెళ్తుంది. ఏ గుర్తూ లేకపోతే మోడల్‌ నంబరు పట్టుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవడమే. డబ్బుపోసి కన్వర్టర్‌ కొన్నాక కాదు, కొనకముందు.

అంతకంటే పెద్ద దొంగ కేబుల్‌. ఫోన్‌ డబ్బాలో వచ్చే టైప్‌-సి కేబుల్‌ చాలావాటిలో 2000 సంవత్సరం నాటి యూఎస్‌బీ 2.0 వైర్లే ఉంటాయి. దాని వేగం సెకనుకు 480 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 60 మెగాబైట్లు, అదీ కాగితం మీద. వేలు పోసి కొన్న ఎస్‌ఎస్‌డీని ఆ కేబుల్‌తో తగిలించి "నత్తలా నడుస్తోందండీ" అంటే ఎస్‌ఎస్‌డీ ఏం చేస్తుంది? పైగా వేగంగా వెళ్లే సిగ్నల్‌ వైర్లు అందులో లేవు కనుక మానిటర్‌లో బొమ్మా రాదు. ఏ పోర్టు పనిచేయకపోయినా ముందు కేబుల్‌ మార్చి చూడండి, తర్వాతే సర్వీసు సెంటర్‌.

హార్డ్‌ డిస్క్‌ టిక్‌ టిక్‌ మని ఆగిపోతుంటే చచ్చిపోయిందని అప్పుడే అనుకోకండి. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు, నీలం నాలుక ఉండే 3.0 పోర్టు ఇచ్చేది 900. లోపలి పళ్లెం తిరగడం మొదలెట్టేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. హబ్‌లోంచి తీసి నేరుగా నీలం పోర్టులో పెడితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. అక్కడా టిక్‌ టిక్‌ మంటే మాత్రం ఇక దాన్ని తిప్పకండి.

ఆ నీలం పోర్టుకి ఒక చెడ్డ అలవాటు కూడా ఉంది. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌ దగ్గర రేడియో రొద పుట్టిస్తుందని ఇంటెల్‌ 2012లో స్వయంగా ఒక పత్రం ప్రచురించింది. వైర్‌లెస్‌ మౌస్‌ మాట్లాడేదీ అక్కడే. హార్డ్‌ డిస్క్‌ తగిలించినప్పుడల్లా మౌస్‌ ఈడ్చినట్టు కదులుతుంటే, దాని చిన్న రిసీవర్‌ను ల్యాప్‌టాప్‌ రెండో వైపుకి మార్చండి.

టీవీలో బొమ్మ రాకపోతే

హెచ్‌డీఎంఐ పెట్టారు, టీవీ "నో సిగ్నల్‌" అంటోంది. టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్‌ నంబరు సరిచూశాక, విండోస్‌ బటన్‌తో పాటు పి నొక్కి "డూప్లికేట్‌" ఎంచుకోండి. తెర మొత్తం నల్లబడిపోతే విండోస్‌, కంట్రోల్‌, షిఫ్ట్‌, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్‌ డ్రైవర్‌ మళ్లీ మొదలవుతుంది. ఇది సర్వీసు కుర్రాళ్లలోనూ కొందరికే తెలిసిన కిటుకు. బొమ్మ అంచులు కోసినట్టుంటే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, టీవీ సెట్టింగుల్లో "స్క్రీన్‌ ఫిట్‌" వంటిది పెట్టాలి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే స్పీకర్‌ గుర్తు నొక్కి టీవీ పేరు ఎంచుకోవాలి.

4కె టీవీలో మౌస్‌ ఎగిరెగిరి పడుతోందా? 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 అంత పెద్ద బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. 60 సార్లు కావాలంటే 2013లో వచ్చిన 2.0 ఉండాలి, ల్యాప్‌టాప్‌లోనూ, టీవీలోనూ.

సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర పెద్ద పెద్ద ఎల్‌ఈడీ తెరలు పెడుతున్నారు కదా. మామూలు హెచ్‌డీఎంఐ వైరు పది, పదిహేను మీటర్లు దాటితే నమ్మకంగా పనిచేయదు. దూరం వెళ్లాలంటే ఫైబర్‌ లోపలుండే హెచ్‌డీఎంఐ వైరో, నెట్‌వర్క్‌ కేబుల్‌ మీద పంపే పెట్టెలో కావాలి. యూఎస్‌బీ 2.0 వైరుకైతే హద్దు 5 మీటర్లు. పందెం సంగతి నాకు తెలీదు, వైరు సంగతి ఇది.

చురుక్కుమనే ల్యాప్‌టాప్‌

లోహపు ల్యాప్‌టాప్‌ మీద చెయ్యి పెడితే జిల్లుమంటుంది. టెస్టర్‌ పెడితే వెలుగుతుంది. ఇంట్లో గోల. ఇది చాలావరకు రెండు పిన్నుల ప్లగ్గు మహిమ. అడాప్టర్‌లో రొదను ఆపడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్‌ లేకపోతే వాటి గుండా అతి కొద్ది కరెంటు ల్యాప్‌టాప్‌ ఒంటి మీదికి వస్తుంది. మంచి అడాప్టరైతే అది ప్రాణానికి ముప్పు కాదు, పోర్టుకి మాత్రం కావచ్చు. అమెరికా నుంచి మనవాళ్లు తెచ్చిన ల్యాప్‌టాప్‌కి మూడో పిన్ను లేని కన్వర్టర్‌ తగిలించి, టీవీకి సెట్‌టాప్‌ పెట్టె మీదుగా వీధి స్తంభం నుంచి వచ్చిన కేబుల్‌ వైరూ ఉంటే, మధ్యలో హెచ్‌డీఎంఐ కలిపే క్షణంలో ఆ తేడా అంతా ఆ సన్నటి పిన్నుల మీద పడుతుంది. రెండింటికీ ఎర్త్‌ ఉన్న ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. హెచ్‌డీఎంఐ పెట్టేటప్పుడు రెండూ ఆపి ఉంచండి. ఉరుములు మొదలైతే ప్లగ్గుతో పాటు కేబుల్‌ వైరూ పీకేయండి.

అంతర్వేది, నరసాపురం, ఉప్పాడ వైపు సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. టైప్‌-సిలో 24 పిన్నులు, ఒక్కోదానికీ మధ్య అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ ఎడంలో ఉప్పు తేమ చేరి, అదే సమయంలో ఛార్జింగ్‌ కరెంటూ ఉంటే పిన్నులు పచ్చగా తుప్పు పడతాయి. తడిగా ఉన్నప్పుడు ఛార్జర్‌ పెట్టకపోవడమే మందు. మురికి తీయాలంటే ల్యాప్‌టాప్‌ ఆపేసి, మెత్తటి బ్రష్‌కి ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌ కొద్దిగా తడిపి తుడవండి. పిన్నీసు పెట్టి గీకకండి.

బియ్యం డబ్బా వైద్యం

ధాన్యాగారంలో పుట్టినవాళ్లం కనుక తడిసిన ప్రతిదాన్నీ బియ్యంలో దాస్తాం. ఐఫోన్‌ తడిస్తే బియ్యం సంచిలో పెట్టొద్దని, సన్నటి నలుసులు లోపలికెళ్లి పాడుచేస్తాయని ఆపిల్‌ సంస్థ తన సూచనల్లో రాసింది. ల్యాప్‌టాప్‌ పోర్టుకీ అదే వర్తిస్తుంది. బియ్యం వండుకోవడానికి, అంతే.

వరద నీట మునిగిన హార్డ్‌ డిస్క్‌ సంగతి ఇంకా చిత్రం. మామూలు హార్డ్‌ డిస్క్‌కి ఊపిరి తీసుకునే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, మూయవద్దని దాని పక్కన రాసి కూడా ఉంటుంది. నీరు లోపలికి వెళ్లేది అక్కణ్ణుంచే. అలాంటి డిస్క్‌ను ఎండలో పెట్టకూడదు, కరెంటు అసలే ఇవ్వకూడదు. ఆరితే బురద పళ్లెం మీద గట్టిపడి అతుక్కుంటుంది. తడి తడిగానే ప్లాస్టిక్‌ సంచిలో మూసి డేటా తీసే నిపుణులకు పంపాలి. 2003లో కల్పనా చావ్లా ప్రాణాలు తీసిన కొలంబియా ప్రమాదంలో ఆకాశం నుంచి పడి, కాలి, నెలల తరబడి ఎండిన చెరువులో ఉండిపోయిన ఒక హార్డ్‌ డిస్క్‌ నుంచి దాదాపు 99 శాతం సమాచారాన్ని క్రోల్‌ ఆన్‌ట్రాక్‌ సంస్థ బయటికి తీసింది. దాంతో పోలిస్తే గోదావరి లంకల్లో 1986 ఆగస్టు, 2022 జూలై వరదల్లాంటివాటికి చిక్కిన డిస్క్‌ మీద ఆశ వదులుకోనక్కర్లేదు.

అసలు చిక్కనివ్వకపోతే ఇంకా మేలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికే డిస్క్‌ను అటక ఎక్కించండి.

పేరు మారితే పెరిగిన బైట్లు

తెలుగు 1991లో, అంటే సరిగ్గా పుష్కరాల ఏడాదే, యూనికోడ్‌ తొలి కూర్పులో చోటు సంపాదించింది. ఇప్పుడు మామూలుగా వాడే యూటీఎఫ్‌-8 పద్ధతిలో అచ్చుకి, హల్లుకి, గుణింతపు గుర్తుకి, సున్నకి, పొల్లుకి తలా మూడు బైట్లు. ఆ లెక్కన "గోదావరి" 21 బైట్లు. "రాజమండ్రి" 27. 2015లో ఊరికి "రాజమహేంద్రవరం" అని పాత పేరు తిరిగి పెట్టాక 39. ఇదంతా వినోదానికే అనుకోకండి. లైనక్స్‌ వాడే డిస్కుల్లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే తెలుగులో 85 గుర్తులు. విండోస్‌లో చక్కగా ఉన్న పొడుగాటి తెలుగు పేరు లైనక్స్‌ డిస్క్‌లోకి కాపీ కానంటే కారణం అదే, పేరు కత్తిరించండి.

ఒక టెరాబైట్‌ డిస్క్‌ కొంటే కంప్యూటర్‌ 931 జీబీ అంటుంది. కొట్టువాడు కాజేయలేదు. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్‌ 1,024తో. అయితే మూడొందలకు రెండు టెరాబైట్ల పెన్‌డ్రైవ్‌ అని అమ్మితే మాత్రం మోసమే. లోపల చిప్‌ చిన్నది, పరిమాణం చెప్పే ప్రోగ్రామ్‌ అబద్ధమాడుతుంది, నిండాక పాత ఫైళ్ల మీదే రాసుకుంటూ పోతుంది. హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నింపి చూస్తే బండారం బయటపడుతుంది.

పెళ్లి వీడియో, జెరాక్స్‌ షాపు

పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఎక్కనంటుంది, ఖాళీ బోలెడు ఉన్నా. అది ఫ్యాట్‌32 పద్ధతిలో ఉందన్నమాట, ఒక్కో ఫైలు 4 జీబీ దాటితే అది పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మారిస్తే ఎక్కుతుంది, కానీ కొన్ని పాత టీవీలు దాన్ని చదవవు. వీడియో తీసుకునేముందు ఫొటోగ్రాఫర్‌తోనే "మా టీవీలో ఆడేలా ఇవ్వండి" అని తేల్చుకోవడం మంచిది.

జెరాక్స్‌ షాపులో ప్రింటు తీయించుకొచ్చాక ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారాయా? ఫైళ్లు పోలేదు, వైరస్‌ దాచింది. దాచిన ఫైళ్లు, సిస్టమ్‌ ఫైళ్లు చూపించమని సెట్టింగుల్లో చెబితే కనిపిస్తాయి. ఆ షార్ట్‌కట్‌ను మాత్రం నొక్కకండి. ఇరాన్‌ అణు కేంద్రంలోకి దూరి 2010లో బయటపడిన స్టక్స్‌నెట్‌ వాడుకున్నది కూడా విండోస్‌ షార్ట్‌కట్‌ ఫైళ్లలోని లోపాన్నే. దొరికిన పెన్‌డ్రైవ్‌నీ గుచ్చకండి. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో పరిశోధకులు కావాలని 297 డ్రైవ్‌లు పారేసి చూస్తే, కనీసం 45 శాతం వాటిల్లో ఫైళ్లను ఎవరో ఒకరు తెరిచేశారు.

పెన్‌డ్రైవ్‌ "ఫార్మాట్‌ చేయమంటారా" అని అడిగితే, లోపల అవసరమైనవి ఉన్నప్పుడు వద్దనే నొక్కండి. ముందు డేటా బయటికి తీయించాలి, ఫార్మాట్‌ ఆ తర్వాత.

చివరగా ఒక మాట. పెన్‌డ్రైవ్‌, ఎస్‌ఎస్‌డీ సమాచారాన్ని విద్యుదావేశంగా దాస్తాయి. ఏళ్ల తరబడి బీరువాలో పడేస్తే అది మెల్లగా కారిపోవచ్చు, వేడిలో మరీను. పెళ్లి వీడియో గానీ, పొలం కాగితాల స్కాన్లు గానీ ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. ఆ రెండోది వేరే ఊళ్లో చుట్టాల ఇంట్లో ఉంచండి.