నడుం నొప్పికి రెండు మాత్రలియ్యన్నా!

ధర్మవరంలో చీకటి పడే వేళ ఏదైనా మందుల షాపు ముందు కాసేపు నిలబడండి. ‘అన్నా, నడుం నొప్పికి రెండు మాత్రలియ్యి’ అనే మాట వినపడకపోతే ఆశ్చర్యమే. షాపతను కత్తెర తీసి షీటులోంచి రెండు మాత్రలు కత్తిరిస్తాడు. చిన్న కాగితం కవరులో వేసి చేతికిస్తాడు. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క చాలాసార్లు షాపులోనే మిగిలిపోతుంది. మీరు మింగింది ఏ మందో మీకే తెలియదు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఈ ప్రాంతంలో నొప్పులకు కొదవ లేదు. ధర్మవరం పట్టుచీర నేసే మనిషి గుంటమగ్గంలో కాళ్లు దించి, నడుం ముందుకు వంచి రోజంతా పలక తొక్కాలి. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో, బెల్లం, చింతపండు మండీల్లో మూటలు మోసేవారి భుజాలు, మెడ పట్టేస్తాయి. పెనుకొండ దగ్గర కార్ల పరిశ్రమ, దాని చుట్టూ ఉన్న యూనిట్లలో షిఫ్టు మొత్తం నిలబడి పనిచేసేవారికి పిక్కలు, మోకాళ్లు లాగుతాయి. పనికి సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. మాత్రకు అయ్యేది కొన్ని రూపాయలే. అందుకే ‘ఎందుకు వేసుకుంటున్నారు’ అని ఎవరినీ తప్పుపట్టలేం. ఏది వేసుకుంటున్నారు, ఎన్ని రోజులు అన్నదే అడగాలి.

మనం ‘నొప్పి మాత్ర’ అని ఒకే పేరుతో పిలిచే వాటిలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి పారాసెటమాల్. డోలో, క్రోసిన్, కాల్పాల్ వంటి పేర్లతో ఇంటింటా ఉండేది ఇదే. రెండోది ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ వంటి వాపు తగ్గించే మందుల కుటుంబం. డాక్టర్లు ఎన్‌సెయిడ్స్ అంటారు. వీటిలో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి నిజానికి చీటీ మీద ఇవ్వాల్సినవి. షీటుపై ఆర్ఎక్స్ అన్న గుర్తు అందుకే. కౌంటర్లో అడిగితే ఇచ్చేస్తున్నారన్నది మనందరికీ తెలిసిన సంగతే.

పారాసెటమాల్ జ్వరానికి, తలనొప్పికి, పంటి నొప్పికి బాగానే పనిచేస్తుంది. నడుం నొప్పి మాట వేరు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1,600 మందికి పైగా నడుం నొప్పి బాధితులపై చేసిన పరిశోధన 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పారాసెటమాల్ వాడినవారు సగటున 17 రోజుల్లో కోలుకున్నారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు 16 రోజుల్లో! అంటే కొత్తగా పట్టిన నడుం నొప్పి చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది, పారాసెటమాల్ ఆ గడువును ముందుకు జరపలేదు. ‘డోలో వేసినా నా నడుం కదల్లేదు’ అనే నేతన్న అబద్ధం చెప్పడం లేదు.

అందుకే షాపులో రెండో రకం చేతికొస్తుంది. అది పనిచేస్తుంది కూడా. గంటలో నొప్పి దిగుతుంది, మళ్లీ మగ్గం ఎక్కొచ్చు. అసలు ప్రమాదం ఈ సుఖంలోనే ఉంది. నొప్పికీ వాపుకూ కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను ఈ మందులు తగ్గిస్తాయి. అయితే అవే రసాయనాలు కడుపు లోపలి పొరకు రక్షణగా ఉంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి వెళ్లే సన్నటి రక్తనాళాలు ముడుచుకోకుండా పట్టి ఉంచేదీ అవే. నొప్పిని ఆపబోయి ఆ రక్షణనూ తీసేస్తున్నామన్నమాట.

ఇప్పుడు మన ఎండలు గుర్తుతెచ్చుకోండి. పాత అనంతపురం జిల్లా అంటే రాష్ట్రంలోకెల్లా వాన తక్కువ పడే నేల. ఏప్రిల్, మే నెలల్లో గాలాడని మగ్గం గదిలో చెమట కారుతుంటే, మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించేవారున్నారు. ఒంట్లో నీరు తక్కువ, పైన డైక్లోఫెనాక్. కిడ్నీకి ఇంతకంటే కష్టకాలం ఉండదు. విరేచనాలు, వాంతులు అవుతున్నప్పుడు ఒళ్లు నొప్పులని ఇదే మాత్ర వేసుకోవడమూ అలాంటిదే.

బీపీ ఉన్నవారు ఇంకాస్త ఆగి చదవండి. ఇంట్లో అమ్మానాన్నలు వేసుకునే టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటి మందులు కిడ్నీలోని రక్త ప్రవాహంపై పనిచేస్తాయి. పేరు చివర ‘హెచ్’ ఉంటే మూత్రం ఎక్కువగా వెళ్లేలా చేసే మందు కూడా కలిసి ఉందని అర్థం. ఈ రెండింటికీ నొప్పి మాత్ర తోడైతే కిడ్నీ మూడు వైపుల నుంచీ ఒత్తిడికి గురవుతుంది. బీపీ కూడా సరిగా అదుపులో ఉండదు. మోకాళ్ల నొప్పులూ బీపీ కలిసే ఉండేది అరవై దాటినవారిలోనే కాబట్టి, ఈ మూడూ ఒకే డబ్బాలో చేరడం అరుదేమీ కాదు. ‘గ్యాస్ మాత్ర కలిపే ఇచ్చాడులే’ అని ధీమాగా ఉంటాం. గ్యాస్ మాత్ర కడుపును కొంత కాపాడుతుంది. కిడ్నీకి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ కుటుంబంలో నిమెసులైడ్‌ది మరో కథ. కాలేయానికి హాని చేయొచ్చన్న ఆందోళనతో 2011లోనే మన దేశంలో 12 ఏళ్లలోపు పిల్లలకు దీన్ని నిషేధించారు. 2025 డిసెంబరు చివర్లో కేంద్రం మరో అడుగు వేసి, వెంటనే కరిగే రకంలో 100 మిల్లీగ్రాములు మించిన మాత్రల తయారీ, అమ్మకాలను ఆపేసింది. డైక్లోఫెనాక్ సంగతి రాబందులను అడగాలి. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిని, కిడ్నీలు పాడై అవి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. దాంతో 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. మనుషులకు మాత్రం అది ఉంది, ఉండాలి కూడా. రెండు మూడు రోజుల తీవ్రమైన నొప్పికి, డాక్టరు చూసి ఇస్తే మంచి మందే.

అలాగని పారాసెటమాల్‌ను ఎలాగైనా మింగొచ్చని కాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజుకు 4,000 మిల్లీగ్రాములు గరిష్ఠ హద్దు. అది దాటేది చాలాసార్లు తెలియకుండానే. ఒక లెక్క చూడండి. ఎసిక్లోఫెనాక్‌తో పారాసెటమాల్ 325 కలిపిన నొప్పి మాత్రలు రెండు: 650. పారాసెటమాల్ 500 ఉన్న జలుబు మాత్రలు మూడు: 1,500. జ్వరానికి 650వి మూడు: 1,950. మొత్తం 4,100. మూడు వేర్వేరు జబ్బులకు మూడు మందులు వేసుకున్నామనుకుంటాం, కాలేయానికి చేరింది ఒకే మందు. రోజూ మద్యం తాగేవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, బాగా బక్కచిక్కినవారికి హద్దు ఇంకా తక్కువ. మోతాదు మించితే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. ‘బాగానే ఉన్నాడుగా’ అని ఆగకండి. విరుగుడు మందు ఉంది, తొలి ఎనిమిది గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది.

పిల్లల సిరప్‌లో ఇంకో మెలిక. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుంటే మరోదానిలో 250 ఉంటాయి. పోసే చెంచా ఒకటే, మందు రెట్టింపు. పిల్లల బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున ఒక మోతాదు. పది కిలోల పాపకు 120 రకమైతే 4 నుంచి 6 మిల్లీలీటర్లు, 250 రకమైతే 2 నుంచి 3. చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటుంది. వానాకాలంలో జ్వరమొస్తే, డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అప్పుడు పారాసెటమాలే దిక్కు. గర్భిణులు, ముఖ్యంగా అయిదో నెల దాటాక, ఎన్‌సెయిడ్స్ సొంతంగా అసలే వాడకూడదు.

మరి నొప్పికి ఏం చేయాలి? మోకాలు, వేళ్ల కీళ్లయితే ముందు డైక్లోఫెనాక్ జెల్ రాసి చూడండి. మాత్రతో పోలిస్తే రక్తంలోకి వెళ్లే మందు చాలా తక్కువ. నడుముకు మంచంపై పడుకుని ఉండటం కన్నా మెల్లగా నడవటమే మేలు. మగ్గం మీద గంటకోసారి లేచి, నడుం వెనక్కి వంచి, గ్లాసు నీళ్లు తాగి కూర్చోండి. నొప్పి కాలిలోకి దిగి తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా, మలం నల్లగా తారులా వచ్చినా, కాళ్లు, ముఖం వాచినా ఇక మాత్రలతో కాలక్షేపం వద్దు.

నెలల తరబడి వేసుకుంటూ వచ్చినవారు కంగారుపడి బీపీ మందులు మానేయకండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ కవర్లతో సహా పట్టుకెళ్లండి. ఈసారి షాపులో కత్తిరించేటప్పుడు, పేరున్న ముక్కే ఇమ్మని అడగండి.