వజ్రమా, పలుగురాయా?

అనంతపురం జిల్లా వజ్రకరూరు, కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాల చేలల్లో తొలకరి వానలతోపాటే వజ్రాల వెదుకులాట మొదలవుతుంది. నేల కడుక్కుపోయి బయటపడే తళుకురాళ్లలో పలుగురాయి, అంటే సిలికా స్ఫటికం, విరివిగా ఉండగా, దానిని వజ్రం నుంచి వేరుచేయడానికి వాడుకలో ఉన్న పరీక్షలు చాలావరకు నమ్మదగినవి కావు.

అపోహ: గాజును గీసే రాయి వజ్రమే.

కాఠిన్యాన్ని, అంటే గీతకు లొంగని గుణాన్ని, జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో పది మెట్లుగా అమర్చాడు. అందులో వజ్రానిది 10, కురువిందానిది 9, పుష్యరాగానిది 8, పలుగురాయిది 7 కాగా, కిటికీ గాజు సుమారు 5.5 దగ్గరే ఆగిపోతుంది కనుక ఈ నాలుగూ గాజును గీస్తాయి.

అపోహ: సుత్తి దెబ్బకు పగలనిదే అసలైన వజ్రం.

1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ సైతం నిజమని రాసిన ఈ నమ్మకం అన్నిటికంటే హానికరమైనది. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు తాళడం వేరు. వజ్రం తన అంతర్నిర్మాణంలోని నాలుగు దిశల తలాల వెంబడి నున్నగా చీలుతుంది, విదళనం అనే ఈ గుణాన్ని ఆధారం చేసుకునే పనివారు పెద్ద రాళ్లను విడదీస్తారు. పలుగురాయికి చెప్పుకోదగ్గ విదళనం లేనందున, అది గవ్వ లోపలి వంపులను పోలిన తలాలతో పగులుతుంది. కాబట్టి సుత్తి పరీక్ష అసలు వజ్రాన్నే ముక్కలు చేసి, అది నకిలీ అని తీర్పు చెప్పగలదు. దెబ్బ అవసరం లేని ఆధారాలు ఉన్నాయి: వజ్రం తరచుగా ఎనిమిది త్రిభుజాకార ముఖాలతోనూ, పలుగురాయి అడ్డగీతలున్న ఆరు పలకల స్తంభంగానూ పెరుగుతాయి, వాగులో దొర్లి ఆకారం అరిగిపోయినచోట, రాయి బరువును అది నీటిలో కోల్పోయే బరువుతో భాగిస్తే వచ్చే సాపేక్ష సాంద్రత వజ్రానికి 3.52, పలుగురాయికి 2.65గా తేలుతుంది.

అపోహ: రంగును బట్టి ఖనిజాన్ని గుర్తించవచ్చు.

స్వల్పంగా కలిసిన క్రోమియం కురువిందాన్ని కెంపుగానూ, ఇనుము, టైటానియం దానినే నీలంగానూ మారుస్తాయి. మెరుగు పెట్టని పింగాణీ పలకపై రుద్దినప్పుడు మిగిలే పొడి రంగు, అంటే చార, ఇంతకంటే నమ్మదగినది. బంగారంలా మెరిసే పైరైట్ నలుపు చారను, బంగారం పసుపు చారను విడుస్తాయి. అయితే వజ్రం, పలుగురాయి పింగాణీ కంటే గట్టివి కనుక చార విడవకుండా పలకనే గీస్తాయి.