చిన్న కట్టే కదా అనుకుంటే...

పెద్ద డ్యామ్‌ సంగతి వేరు. దానికి గేట్లుంటాయి, ఇంజినీర్లుంటారు. వానలు మొదలైతే చాలు... నీటిమట్టం ఎంతో పేపర్లలో రోజూ వస్తుంది. మరి ఊరి పైన, ఎవరిదో సొంత స్థలంలో ఉన్న చిన్న మట్టికట్టని పట్టించుకునేదెవరు? 39 ప్రాణాలు పోయాకగానీ అమెరికా ఈ ప్రశ్న వేసుకోలేదు.

కరెంటు ఆగింది... కట్ట మిగిలింది

జార్జియా రాష్ట్రంలో టొకోవా వాగు మీద ఉండేది కెల్లీ బార్న్స్‌ డ్యామ్‌. 1899 ప్రాంతంలో చిన్న జలవిద్యుత్తు కేంద్రం కోసం అక్కడ రాళ్లతో అడ్డుకట్ట వేశారు. తరవాత ఆ స్థలం ఓ బైబిల్‌ కళాశాల చేతికొచ్చింది. 1930ల చివర్లో పాత కట్టమీదే మట్టి పోసి పెంచారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత మరికాస్త ఎత్తు చేశారు. అలా అలా 42 అడుగులకు చేరింది. 1957లో కరెంటు తీయడం ఆపేశారు. నలభై ఎకరాల సరస్సు మాత్రం సరదాకి మిగిలింది. ఆదాయం తెచ్చిపెట్టే కట్టని రోజూ చూసుకుంటారు. అది ఆగిపోయాక అటువైపు వెళ్లేదెవరు? కట్ట మీద చెట్లు మొలిచి మానులయ్యాయి. దిగువ వాలు మరీ నిటారుగా ఉండటంతో కొంత మట్టి జారింది. 1973లో తీసిన ఓ ఫొటోలో ఆ జారుడు స్పష్టంగా కనిపిస్తుంది.

1977 నవంబరు మొదటివారంలో వానలు దంచికొట్టాయి. ఆరో తేదీ అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర గంటలకు కట్ట తెగింది. నీరంతా 186 అడుగుల జలపాతం మీదుగా దూకి, కిందనే ఉన్న కళాశాల ఆవరణ మీద పడింది. జనం గాఢనిద్రలో ఉన్నారు. చనిపోయిన 39 మందిలో చాలామంది చిన్నపిల్లలు.

కారణం ఇదీ అని విచారణ బృందం ఒక్కదాన్నే వేలెత్తి చూపలేకపోయింది. నిటారు వాలు జారడం, లోపల్లోపల మట్టి కొట్టుకుపోవడం... అన్నీ కలిసి కట్టని కూల్చి ఉంటాయని తేల్చింది. నిజానికి డ్యామ్‌ల తనిఖీ కోసం అమెరికాలో 1972లోనే చట్టం వచ్చింది. నిధులే ఇవ్వలేదు! టొకోవా దుర్ఘటన తరవాత, జార్జియాలోనే పుట్టిన అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ తనిఖీలకు ఆదేశించారు. 1981 దాకా సుమారు 8,800 డ్యామ్‌లను పరిశీలిస్తే దాదాపు మూడోవంతు భద్రంగా లేవని తేలింది.

మట్టికి మూడు గండాలు

మట్టికట్టకు మొదటి శత్రువు పైనుంచి పొర్లే నీరు. కాంక్రీటు గోడ కాసేపు తట్టుకుంటుందేమోగానీ మట్టి అలా కాదు. చిన్న పాయగా మొదలైన కోత చూస్తుండగానే గండి అవుతుంది. అందుకే అలుగు అన్నా, మత్తడి అన్నా, మరవ అన్నా... కట్టకి అదే ప్రాణం. హవాయిలోని కవాయ్‌ దీవిలో 1890లో చెరకు తోటల కోసం కట్టిన కలోకో డ్యామ్‌ 2006 మార్చి 14న తెగి ఏడుగురు చనిపోయారు. అదీ ప్రైవేటు కట్టే. అలుగుని పూడ్చేసి ఉంటారని విచారణ నివేదిక చెప్పింది. యజమానికి 2014లో ఏడు నెలల జైలుశిక్ష పడింది.

రెండోది ఊట. ప్రతి మట్టికట్టా కొంత ఊరుతుంది. ఆ నీరు తేటగా ఉంటే సరే. బురదగా వస్తోందంటే మాత్రం కట్ట లోపలి మట్టిని మోసుకొస్తోందని అర్థం. లోపల ఓ సొరంగం తయారవుతోందన్నమాట!

మూడోది చెట్లూ బొరియలూ. పచ్చటి చెట్టు కట్టని పట్టి ఉంచుతుందనుకుంటాం. కానీ చెట్టు చచ్చి వేరు కుళ్లితే ఆ ఖాళీ నీటికి దారవుతుంది. ఎలుకలూ పీతలూ చేసే బొరియలతోనూ ఇదే తంటా.

మన దగ్గర?

ఈ భయం మనకీ కొత్త కాదు. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువన పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లు అతలాకుతలమయ్యాయి. అది ప్రభుత్వ ప్రాజెక్టు. ఆ ఏడాది చివర్లోనే ఆనకట్టల భద్రతా చట్టం మన దేశంలో అమల్లోకి వచ్చింది. 15 మీటర్లు దాటిన కట్టలన్నీ దాని కిందికి వస్తాయి. పది నుంచి పదిహేను మీటర్ల మధ్య ఉన్నవాటికి మాత్రం షరతులున్నాయి... అర కిలోమీటరు పొడవో, పది లక్షల ఘనపు మీటర్ల నీరో, భారీ వరద ప్రవాహమో, పునాదిలో చిక్కులో, మామూలుకు భిన్నమైన నిర్మాణమో ఉండాలి. పది మీటర్లలోపు వాటి ఊసే లేదు.

ఈ కొలతలు పెట్టి చూస్తే... 42 అడుగులంటే పదమూడు మీటర్లలోపే. పొడవు 400 అడుగులే. తెగిన రాత్రి నిలిచి ఉన్న నీరూ పది లక్షల ఘనపు మీటర్లకు లోపే. అంటే 39 మందిని బలిగొన్న ఆ కట్ట మన దగ్గర ఉండుంటే, పొడవు, నీటి లెక్కల్లో చట్టం కంట పడేదే కాదు!

అలాంటి కట్టలకు కాపలా యజమానీ, కింద ఉన్న ఊరూనే. అలుగులో అడ్డంకులు లేకుండా చూసుకోవడం, కట్టమీద మొక్కని చిన్నప్పుడే పీకేయడం, వానాకాలానికి ముందోసారీ పెద్ద వాన పడ్డ ప్రతిసారీ కట్ట దిగువన నడిచి రావడం... ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. ఊట నీళ్లు రంగు మారాయా, కొత్తగా ఎక్కడైనా చెమ్మగిల్లిందా, కట్ట కుంగిందా, పగిలిందా అని చూస్తే చాలు. తేడా కనిపిస్తే వెంటనే నీటిపారుదల అధికారులకు చెప్పాలి. బురదనీరు వస్తోంటే మాత్రం ఇంజినీరు వచ్చేదాకా ఆగకూడదు... ముందు కింద ఇళ్లలో ఉన్నవాళ్లని నిద్ర లేపాలి!